కడుపు లోపలి పొర మానే తీరు: తేలినవి, తేలనివి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ గురించి మూడు అంకెలు ఆలోచనలో పడేస్తాయి. 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నారు. దేశంలో మరే పెద్ద రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు. కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు వందకు దాదాపు తొమ్మిది మంది, దేశ సగటు చూస్తే మూడు. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కనుక ఆ సర్వేలో దాని లెక్క పాత గుంటూరు జిల్లాలోనే కలిసి ఉంది. అయినా నరసరావుపేట, మాచర్ల, గురజాల పల్లెల్లో పిల్లల ఆపరేషన్, గర్భసంచి తీసే పెద్దాపరేషన్ ఎంత మామూలు విషయాలో ఆ ప్రాంతంతో పరిచయం ఉన్న ఎవరికైనా తెలుసు. చాలామందికి మొదటి కోత పాతికేళ్లు నిండకముందే పడుతుంది.

ఈ ఆపరేషన్లలో ఏది చేసినా కత్తి దాటక తప్పని పొర ఒకటుంది. కడుపు గోడకు లోపలి వైపూ, పేగుల మీదా పరుచుకుని ఉండే ఉదరవేష్టనం అది. డాక్టర్లు పెరిటోనియం అంటారు. అది చక్కగా మానితే మనిషికి దాని ఉనికే తెలియదు. సరిగా మానకపోతే పేగులు ఒకదానికొకటి, లేదా కడుపు గోడకు అతుక్కుంటాయి. కొందరికి ఏళ్ల తర్వాత ‘పేగు మడతపడింది’ అనే మాట ఆసుపత్రిలో వినాల్సి వస్తుంది.

ఈ పొర ఎలా మానుతుందన్న చర్చ రెండు శతాబ్దాలకు పైబడింది. అది చిక్కుపడటానికి కారణం మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా చూడటమేనని నా అభిప్రాయం. గాయం మీదికి కొత్త కణాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది మొదటి ప్రశ్న. అతుకులు ఎందుకు పడతాయన్నది రెండోది. ఆపరేషన్ బల్ల దగ్గర సర్జన్ ఏం చేయాలన్నది మూడోది. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మరో ప్రశ్నకు అతికించినప్పుడల్లా వాదన దారి తప్పింది.

పొర స్వరూపం

పెద్దవాళ్లలో ఈ పొర వైశాల్యం ఇంచుమించు ఒంటి మీది చర్మమంత ఉంటుంది. అయితే పైన ఉన్నది ఒకే ఒక్క వరుస కణాలు. వాటిని మీసోథీలియల్ కణాలంటారు. వాటి కింద పలుచని ఆధార త్వచం, దాని కింద రక్తనాళాలూ ఫైబ్రోబ్లాస్ట్ కణాలూ ఉండే మెత్తని సంధాయక కణజాలం. పొర తలాల మధ్య కొన్ని మిల్లీలీటర్ల ద్రవం మాత్రమే ఉంటుంది. ఆ కొద్దిపాటి తడి వల్లే ఆరేడు మీటర్ల పేగు రోజంతా ఒరుసుకోకుండా కదలగలుగుతోంది.

మామూలు రోజుల్లో ఈ కణాలు దాదాపు నిద్రలో ఉన్నట్టే. విభజన చెందుతున్నవి వందకు ఒకటి కూడా ఉండవు. గాయమైతే రెండు రోజుల్లోనే గాయం అంచున ఉన్న కణాల్లో పెద్ద భాగం విభజనకు సిద్ధమవుతుంది. అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, గాయానికి ఎదురుగా ఆనుకుని ఉన్న, దెబ్బతగలని పొరలోని కణాలు కూడా మేల్కొంటాయి. అంటే కబురు ద్రవం గుండానో, తాకిడి గుండానో అవతలి ఒడ్డుకు చేరుతోందన్నమాట.

సుశ్రుతుడి నుంచి ఎల్లిస్ దాకా

సుశ్రుత సంహిత చికిత్సా స్థానంలో పేగు మూసుకుపోయినప్పుడు బొడ్డు కింద ఎడమవైపున పొట్ట కోసి, పేగును బయటికి తీసి, అడ్డు తొలగించే పద్ధతి ఉంది. చిల్లుపడిన పేగు అంచులను నల్లచీమలతో కరిపించి మూయడం కూడా అక్కడిదే. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది మరొకటి. గాయం గుండా బయటికొచ్చిన పేగుకు గడ్డి, దుమ్ము, నెత్తురు అంటితే పాలతో కడిగి, నెయ్యి రాసి, గోళ్లు తీసుకున్న చేత్తో మెల్లగా లోపలికి పంపమంటుంది ఆ గ్రంథం. పేగు ఎండకూడదు, దాని మీద బయటి పదార్థం మిగలకూడదు, చేతి ఒరిపిడి తగలకూడదు. నేటి సర్జన్లకు అతుకుల నివారణ పాఠంలో చెప్పే మూడు జాగ్రత్తలూ ఇవే.

ఆధునిక చర్చకు పునాది 1794లో ప్రచురితమైన జాన్ హంటర్ గ్రంథంలో ఉంది. వాపెక్కిన పొరలు జిగురులాంటి పదార్థంతో అంటుకుంటాయనీ, అది శరీరం చేసుకునే రక్షణేననీ ఆయన చూశాడు. ఈ రక్షణ అన్న భావన తర్వాత చాలాకాలం మరుగున పడింది. అతుకు అంటే కేవలం కీడు అన్న అభిప్రాయం స్థిరపడింది.

1919లో అమెరికాలోని కాన్సస్ డాక్టర్ ఆర్థర్ హెర్ట్‌జ్లర్ పెరిటోనియం మీద రాసిన పుస్తకంలో ఒక పరిశీలన నమోదు చేశాడు. చర్మం మీది పుండు అంచుల నుంచి లోపలికి జరుగుతూ మూసుకుంటుంది. కాబట్టి పెద్ద పుండుకు ఎక్కువ రోజులు పడతాయి. ఉదరవేష్టనం మీది గాయం అలా కాదు, చేలో చల్లిన విత్తనం అంతటా ఒక్కసారే మొలిచినట్టు గాయం మొత్తం ఏకకాలంలో కొత్త పొర కప్పుకుంటుంది. కాబట్టి రూపాయి బిళ్లంత గాయానికైనా, అరచేయంత గాయానికైనా పట్టే కాలం దాదాపు ఒకటే.

లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆసుపత్రికి చెందిన హెరాల్డ్ ఎల్లిస్ 1962లోనూ, సహచరులతో కలిసి 1965లోనూ చేసిన జంతు ప్రయోగాలు సర్జన్లకు మొదటి నుంచీ నేర్పిన అలవాటునే ప్రశ్నించాయి. పొర చిరిగిన చోట వదిలేస్తే నున్నగా మానింది. జాగ్రత్తగా దగ్గరికి లాగి కుట్టిన చోట అతుకులు పడ్డాయి. కుట్టు వల్ల ఆ చోటుకు నెత్తురు అందడం తగ్గుతుంది. నెత్తురు అందని కణజాలానికి పక్కనున్న పేగో, పేగుల మీది కొవ్వు తెర అయిన వపో వచ్చి అంటుకుని రక్తనాళాలు అందిస్తుంది. అంటే అతుకు ఆ చోటును బతికించడానికి శరీరం పంపిన సాయం. హంటర్ మాటకు ఎల్లిస్ ప్రయోగాలు కొత్త బలం ఇచ్చాయి.

1973లో రాఫ్టరీ అనే పరిశోధకుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఎలుకల్లో చూసిన కాలక్రమం నేటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. తొలి గంటల్లో నెత్తురును గడ్డకట్టించే ఫైబ్రిన్ పేరుకుంటుంది, న్యూట్రోఫిల్ అనే రక్షణ కణాలు చేరతాయి. రెండో రోజుకు చెత్తను మింగే మాక్రోఫేజ్ కణాలు గాయాన్ని కప్పేస్తాయి. మూడో రోజు నుంచి అక్కడక్కడా కొత్త పొర కణాల దీవులు కనబడతాయి. ఐదారు రోజులకు అవి కలిసిపోతాయి. వారం పది రోజుల్లో ఆధార త్వచంతో సహా పొర తిరిగి నిలబడుతుంది.

కొత్త కణాలు ఎక్కడివి?

గాయం అంతటా ఒకేసారి దీవులు మొలిస్తే, వాటికి విత్తనం ఎక్కడిది? ఇక్కడే వాదాలు చీలాయి.

అంచుల్లోని కణాలు జరిగి వస్తాయన్నది అన్నిటికంటే పాత వాదం. అంచుల దగ్గర అది నిజమే. గాయం మధ్యలో మొలిచే దీవులను మాత్రం అది వివరించలేదు. పొర కింద ఉన్న సంధాయక కణజాలంలోని ఆదిమ కణాలే పైకొచ్చి రూపం మార్చుకుంటాయన్నది రెండో వాదం. ఎల్లిస్, రాఫ్టరీ ఇటే మొగ్గారు. దీనికి బలమైన ఆధారం కింది పొర మిగిలిన గాయాలు త్వరగా మానడం. ద్రవంలో తేలుతూ తిరిగే కణాలే వచ్చి కుదురుకుంటాయన్నది మూడోది. 1966లో నార్వేకు చెందిన ఎస్కెలాండ్ ఎలుకల్లో ఆ దిశగా ఆధారాలు చూపాడు. 1985లో విటేకర్, పాపడిమిట్రియూ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. అయితే ఆ తేలే కణాలు మాక్రోఫేజ్‌లా, ఊడిపోయిన మీసోథీలియల్ కణాలా అన్న తగాదా చాలాకాలం నడిచింది.

ఆ తగాదాను సగం తేల్చింది 2002లో ఫోలీ-కోమర్, మ్యూట్సేర్స్, హెరిక్ తదితరుల పని. గాయపడ్డ ఎలుకల ద్రవంలో తేలే మీసోథీలియల్ కణాలు పెరుగుతాయని వాళ్లు లెక్కగట్టారు. గుర్తు పెట్టి వదిలిన కణాలు గాయం మీద వాలి, నాటుకుని, అక్కడే విభజన చెందడం చూశారు. రక్తంలో తిరిగే ఎముక మజ్జ కణాలే మూలం అన్న నాలుగో వాదానికి ఇప్పటికీ పెద్ద బలం లేదు.

ఈ ప్రశ్నకు ఒకే సమాధానం వెతకడం సరికాదని నాకనిపిస్తుంది. చిన్న గీత పడిన చోట అంచులు చాలు. విశాలంగా చర్మం ఒలిచినట్టు పోయిన చోట తేలే కణాలు కావాలి. లోతుగా కాలిన చోట కింది కణజాలమే చనిపోయి ఉంటుంది, అక్కడ వచ్చి వాలే కణానికి కుదురుకునే నేల ఉండదు. గాయాన్ని బట్టి మూలం మారుతుందని ఒప్పుకుంటే ఈ వాదాల్లో చాలా వరకు పరస్పర విరోధం తగ్గుతుంది. ఒకరు పెద్దపేగు మొదటి భాగమైన సీకమ్‌ను గుడ్డతో రుద్ది చూశారు, మరొకరు కాలేయం మీది పొరను కోసి చూశారు, ఇంకొకరు వేడితో కాల్చి చూశారు. ఎవరు చూసింది వాళ్లకు నిజమే.

అతుకు ఎందుకు పడుతుంది?

సర్జన్‌కూ, రోగికీ అసలు బాధ పెట్టేది ఇదే. ఎందుకంటే మీసోథీలియం ఎలాగూ వారం పది రోజుల్లో మానుతుంది. ఆ వారంలో రెండు తలాలు అంటుకుపోతాయా, విడివడతాయా అన్నదే తేలాలి.

ఎక్కువమంది ఒప్పుకునే కథ ఫైబ్రిన్‌ది. గాయం నుంచి ఊరిన ద్రవం గడ్డకట్టి, ఆనుకున్న తలాల మధ్య ఫైబ్రిన్ జిగురుగా మారుతుంది. ఆరోగ్యంగా ఉన్న మీసోథీలియల్ కణాలు ఒక ఉత్తేజక పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చి ఆ జిగురును కరిగిస్తుంది. మూడు రోజుల్లోపు కరిగితే తలాలు విడిపోతాయి. కరగకపోతే ఫైబ్రోబ్లాస్ట్‌లు దానిలోకి ప్రవేశించి, కొలాజెన్ అల్లి, రక్తనాళాలు పెంచి శాశ్వతపు అతుకు కడతాయి. పొర కణాలకు ఈ కరిగించే శక్తి ఉందని 1969లో మీర్-యెన్సెన్ తదితరులు చూపారు. నెత్తురు అందని పొరలో ఆ శక్తి పడిపోతుందని 1976లో బక్‌మన్ బృందం చూపడంతో, ఎల్లిస్ చూసిన కుట్టు ప్రమాదానికి రసాయన వివరణ దొరికింది. వాపెక్కిన పొరలో ఈ కరిగించే శక్తిని అడ్డుకునే పీఏఐ-1 అనే పదార్థం పెరుగుతుందని తర్వాతి పరిశీలనలు జోడించాయి.

బెల్జియంలోని లూవెన్ బృందం, ముఖ్యంగా కోనింక్స్, దృష్టిని గాయం మీది నుంచి పొర మొత్తం మీదికి మళ్లించింది. లాపరోస్కోపీలో కడుపును ఉబ్బించడానికి వాడే పొడి బొగ్గుపులుసు వాయువు పొర అంతటికీ ప్రాణవాయువు అందకుండా చేసి, ఎండబెడుతుంది. ఎలుకల్లో ఆ వాయువుకు కొద్ది శాతం ఆక్సిజన్ కలిపి, తడి చేసి, కడుపును చల్లగా ఉంచితే అతుకులు తగ్గాయి. అంటే అతుకు పడటంలో కత్తి తగిలిన చోటుతో పాటు కడుపంతటి పరిస్థితి కూడా పాలుపంచుకుంటుంది.

ఈ శతాబ్దంలో చర్చ కణాల మీదికి వచ్చింది, మళ్లీ చిక్కుపడింది. 2003లో స్పెయిన్ పరిశోధకులు పెరిటోనియల్ డయాలిసిస్ రోగుల్లో పొర కణాలే తమ రూపం వదిలి ఫైబ్రోబ్లాస్ట్‌లలా మారడాన్ని చూపారు. కాపలా కాయాల్సిన కణమే మచ్చ కట్టే కణంగా మారుతుందన్న భావన అక్కడ మొదలైంది. 2018లో స్టాన్‌ఫర్డ్ బృందం ఎలుకల అతుకులు మీసోథీలియల్ కణాల నుంచే పుడతాయంది. 2020లో అదే విశ్వవిద్యాలయంలోని మరో బృందం కింది ఫైబ్రోబ్లాస్ట్‌ల వైపు వేలు చూపింది. అదే ఏడాది మ్యూనిక్ పరిశోధకులు ఎదురెదురు పొర కణాలు కాల్షియం సాయంతో ఒకదానివైపు ఒకటి త్వచపు వంతెనలు చాపుతాయనీ, తొలి అంటుకోలు అలా మొదలవుతుందనీ చూపారు.

మాక్రోఫేజ్‌ల విషయంలో భేదం ఇంకా తీక్షణం. 2021లో కాల్గరీలోని కుబెస్ ప్రయోగశాల నుంచి జిండెల్ తదితరులు, ద్రవంలో తిరిగే గాటా6 మాక్రోఫేజ్‌లు గాయం దగ్గరికి క్షణాల్లో చేరి, రక్తంలో ప్లేట్‌లెట్లు చేసినట్టు గుంపుకట్టి గాయాన్ని మూస్తాయని చూపారు. గాయం పెద్దదైతే ఆ గుంపులే మితిమీరి అతుకులకు పునాది వేస్తాయి. అదే ఏడాది ఇతో తదితరులు దాదాపు వ్యతిరేక నిర్ణయానికి వచ్చారు. మాక్రోఫేజ్‌ల పరదా గాయాన్ని కాపాడుతుందనీ, ఫైబ్రిన్ దాన్ని మించిపోయినప్పుడే అతుకు పడుతుందనీ, ఆ కణాలను అదనంగా అందిస్తే అతుకులు తగ్గుతాయనీ చూపారు.

ఈ వాదాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. మాక్రోఫేజ్‌ల వాదం తొలి నిమిషాల గురించి, గంటల గురించి మాట్లాడుతుంది. ఫైబ్రిన్ వాదం తొలి మూడు రోజుల గురించి. కణం రూపు మారే వాదం ఆ తర్వాతి రోజుల గురించి. నెత్తురు, ఆక్సిజన్ కొరత వాదం ఈ మూడింటికీ వెనకనున్న పరిస్థితి గురించి. కాబట్టి ఒకటి నిజమైతే మరొకటి అబద్ధం కానక్కర్లేదు. జిండెల్‌కూ ఇతోకూ మధ్య ఉన్నది మాత్రం నిజమైన వైరుధ్యం. అది గాయం తీవ్రత తేడాతో తీరుతుందని నేను అనుకుంటాను. అయినా మనిషి కడుపులో దాన్ని ఎవరూ చూడలేదు. ఎలుక కడుపులో వారంలో తేలిపోయేది మనిషిలో దశాబ్దాలు నిలుస్తుంది. మనిషి అతుకుల్లో రక్తనాళాలే కాక నరాలు కూడా పెరుగుతాయని 2001లోనే తెలిసింది.

కుట్టాలా, వదిలేయాలా?

పల్నాడు ఆడవాళ్లను నేరుగా తాకేది ఈ చర్చే. సిజేరియన్ చివర్లో ఉదరవేష్టనాన్ని కుట్టి మూయాలా, అలాగే వదిలేయాలా?

ఎల్లిస్ ప్రయోగాల నుంచి వచ్చిన జవాబు వదిలేయమంది. బ్రిటన్‌లోని నైస్ మార్గదర్శకాలు కూడా కుట్టవద్దనే చెప్పాయి. అయితే గమనించండి, వాళ్లిచ్చిన కారణం ఆపరేషన్ సమయం, నొప్పి మందులు తగ్గడం. అతుకుల గురించి కాదు. ఇందుకు ఎదురు 2005లో స్టాన్‌ఫర్డ్ నుంచే లైల్ తదితరులు, మొదటి సిజేరియన్‌లో కడుపు గోడ పొరను కుట్టిన స్త్రీలలో రెండో సిజేరియన్ నాటికి గట్టి అతుకులు బాగా తక్కువగా కనిపించాయన్నారు. అది యాదృచ్ఛిక ప్రయోగం కాదు, పరిశీలన మాత్రమే.

పెద్ద జవాబు కరోనిస్ ప్రయోగం నుంచి వస్తుందని అందరూ ఎదురుచూశారు. భారత్‌తో సహా ఏడు దేశాల్లో దాదాపు 16,000 మంది స్త్రీలతో జరిగిన ఈ ప్రయోగం ఫలితాలు 2013లో లాన్సెట్‌లో వచ్చాయి. కుట్టినా, కుట్టకపోయినా తొలి ఆరు వారాల్లో తేడా లేదు. మూడేళ్ల తర్వాతి ఫలితాలు 2016లో వచ్చాయి, అప్పుడూ తేడా లేదు. కానీ కరోనిస్ లెక్కించింది జబ్బులనూ, మళ్లీ చేసిన ఆపరేషన్లనూ. కడుపు తెరిచి పొర ఎలా మానిందో అందరిలో చూడలేదు. మూడేళ్లలో కడుపునొప్పి రాకపోయినంత మాత్రాన నాలుగో ఏట రాదని కాదు. ఈ చర్చ ఇంకా తెరిచే ఉంది. తేలిపోయిందని చెప్పే పాఠ్యపుస్తకాలు తొందరపడుతున్నాయి.

ఒక్క సంగతి ఊరటనిస్తుంది. సిజేరియన్ తర్వాత పేగు అడ్డుపడటం అరుదు. మాంట్రియల్‌లో టులాండి తదితరులు చూసిన లెక్కల్లో కడుపు కోసి గర్భసంచి తీసిన తర్వాత అది సిజేరియన్ తర్వాత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే సిజేరియన్ మీద సిజేరియన్ జరిగేకొద్దీ అతుకులు పెరుగుతాయి. రెండోసారి కడుపు తెరిచినప్పుడు సుమారు నాలుగో వంతు మందిలో, మూడోసారి పదిమందిలో నలుగురికి పైగా అతుకులు కనిపించాయి. పిల్లల ఆపరేషన్ వీటన్నిటికంటే తేలిక, కోత చిన్నది, పేగులను తాకే పని తక్కువ. మూడింటినీ ఒకే గాటన కట్టి భయపడటం గానీ, ఒకే గాటన కట్టి నిశ్చింతగా ఉండటం గానీ తగదు. ఆలోచించాల్సింది గర్భసంచి తొలగింపు గురించి. అవసరం లేకుండా చేసిన ప్రతి పెద్దాపరేషన్ అవసరం లేని అతుకుల ప్రమాదం కూడా. ఈ ఆపరేషన్ వల్ల వచ్చే హార్మోన్ల నష్టం గురించి మాట్లాడేవాళ్లు కూడా ఈ మాట తలవరు.

నివారణ: ఏది పనిచేస్తోంది?

అతుకుల బరువు ఎంతో 1999లో స్కాట్లాండ్ చూపింది. 1986లో కడుపు లేదా కటి ఆపరేషన్ చేయించుకున్న 29,790 మందిని పదేళ్లు అనుసరిస్తే, మూడో వంతుకు పైగా మంది అతుకులతో నేరుగానో, బహుశా సంబంధం ఉన్న కారణంతోనో తిరిగి ఆసుపత్రిలో చేరారు. నేరుగా అతుకుల వల్లే జరిగిన చేరికలు 5.7 శాతం. అంతకుముందు 1990లో మెంజీస్, ఎల్లిస్ పాత ఆపరేషన్ ఉన్నవాళ్లలో 93 శాతం మందికి అతుకులు చూశారు. అసలు ఆపరేషనే లేనివాళ్లలో కూడా పదిశాతం మందికి ఉన్నాయి. కడుపు క్షయ, లోపల జరిగే ఇన్ఫెక్షన్లు ఇందుకు కారణాల్లో కొన్ని. రెండు అంకెలనూ కలిపి చదవాలి. అతుకులు దాదాపు అందరికీ ఉంటాయి, కష్టం కొందరికే వస్తుంది.

గ్లోవ్స్ పొడి విషయం తేలిపోయింది. టాల్కమ్ పొడి కడుపులో గడ్డలు కట్టిస్తుందని 1940ల్లోనే తెలిసింది. దాని స్థానంలో వచ్చిన స్టార్చ్ కూడా అదే పని చేసింది. 2016లో అమెరికా పొడి గ్లోవ్స్‌ను నిషేధించింది. పొడి లేని గ్లోవ్స్ వాడటం చిన్న ఆసుపత్రికి కూడా అందుబాటులో ఉన్న మేలు.

లాపరోస్కోపీ మేలు కూడా చాలావరకు తేలింది. 2020లో వచ్చిన స్కాట్లాండ్ కొత్త లెక్కల్లో, 72,270 మందిలో, నేరుగా అతుకుల వల్ల తిరిగి చేరినవాళ్లు లాపరోస్కోపీలో 1.7 శాతం, తెరిచి చేసిన ఆపరేషన్లో 4.3 శాతం. లూవెన్ బృందం చెప్పిన వాయువు ప్రమాదం నిజమే అయినా, పెద్ద కోత ప్రమాదం దానికంటే ఎక్కువని ఇది సూచిస్తోంది.

అడ్డు పొరల కథ నిరాశకూ ఆశకూ మధ్య ఉంది. హయలురోనిక్ ఆమ్లపు పొర మీద 2006లో ఫాజియో తదితరులు 1,791 మందితో చేసిన ప్రయోగంలో పేగు అడ్డుపడటం మొత్తంగా తగ్గలేదు. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిన అతుకుల అడ్డు మాత్రం 3.4 నుంచి 1.8 శాతానికి తగ్గింది. పేగు కలిపిన కుట్ల చుట్టూ చుడితే మాత్రం కారడం పెరిగింది. ఇంటర్‌జెల్ అనే ద్రవం 2003లో మార్కెట్ నుంచి వెనక్కి పోయింది. చిన్న పట్టణపు ఆసుపత్రిలో ప్రతి సిజేరియన్‌కూ ఖరీదైన అడ్డు పొర వాడమనడానికి నేటి ఆధారాలు సరిపోవు. నెత్తురు శుభ్రంగా ఆపడం, పేగులను తడిగా ఉంచడం, కాల్చడం తగ్గించడం, గట్టిగా బిగించి కుట్టకపోవడం, ఇవి ఏ ఖర్చూ లేనివి. హెర్ట్‌జ్లర్ నుంచి కోనింక్స్ దాకా అన్ని వర్గాలూ ఒప్పుకునేవి కూడా ఇవే.

పల్నాడు ఇళ్లలో తెలియాల్సినవి

ఆపరేషన్ తర్వాత మూడు నెలలు బరువులెత్తొద్దని అందరూ చెబుతారు. ఆ జాగ్రత్త మంచిదే, కానీ దాని కారణం అతుకులు కాదు. లోపలి పొర వారం పది రోజుల్లో మానుతుంది. బలం తెచ్చుకోవడానికి నెలలు పట్టేది కడుపు గోడలోని గట్టి పొర. మిరప కోతలకూ, పత్తి తీతలకూ తొందరగా దిగితే గిలక (హెర్నియా) పడే ప్రమాదం అందువల్లే. లేచి నెమ్మదిగా నడవడం వల్ల మాత్రం నష్టం లేదు, పేగు కదలిక తిరిగి రావడానికి అది సాయపడుతుంది. పప్పు తింటే చీము పడుతుందన్న పథ్యానికీ ఈ పొరకూ సంబంధం లేదు. రక్తహీనతతో ఉన్న బాలింతకు ఆ పథ్యం నష్టమే చేస్తుంది.

పాత ఆపరేషన్ మచ్చ ఉన్న మనిషికి తెరలు తెరలుగా కడుపునొప్పి, ఉబ్బరం, పచ్చటి వాంతులు వస్తూ, విరేచనంతో పాటు గాలి కూడా ఆగిపోతే అది గ్యాస్ నొప్పి కాదు. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని రెండు రోజులు చూడటంలో పేగుకు నెత్తురు ఆగిపోయే ప్రమాదం ఉంది. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల పైమాటే. అక్కడికి చేరాల్సింది మొదటి రోజే. చేరినవాళ్లందరికీ కత్తి అవసరం పడదు. నీటిలో కరిగే కాంట్రాస్ట్ ద్రవం తాగించి ఎక్స్‌రే తీస్తే, అది పెద్దపేగుకు చేరితే ఆపరేషన్ లేకుండా తగ్గే అవకాశం ఎక్కువని నేటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అడ్డు లేకుండా ఏళ్ల తరబడి కడుపునొప్పితో తిరిగేవాళ్ల విషయం వేరు. అతుకులు కోసేస్తే నొప్పి పోతుందన్న ఆశ సహజం. 2003లో నెదర్లాండ్స్‌లో స్వాంక్ తదితరులు వందమందిలో సగం మందికి లాపరోస్కోపీతో అతుకులు కోశారు, సగం మందికి ఊరికే చూసి వదిలేశారు. ఏడాది తర్వాత రెండు వర్గాల్లోనూ నొప్పి తగ్గింది, తేడా లేదు. అతుకులు కోసినప్పుడు కొత్త గాయం పడుతుంది, ఆ గాయం మళ్లీ అదే మానే క్రమంలోకి వెళుతుంది. నొప్పి ఉందని రెండో ఆపరేషన్‌కు సిద్ధపడే కుటుంబాలకు ఈ ఫలితం ముందే చెప్పాలి.

తేలనివాటిలో పల్నాడులోనే తేల్చగలిగేది ఒకటుంది. కుటుంబ ఆరోగ్య సర్వే గర్భసంచి ఎక్కడ తీశారు, ఎందుకు తీశారు అని అడుగుతుంది. తర్వాత పేగుకు ఏమైందని అడగదు. కరోనిస్ కూడా కడుపు లోపల చూడలేదు. కానీ కాన్పుల్లో నలభై శాతానికి మించి సిజేరియన్లు ఉన్న చోట రెండో సిజేరియన్లు కూడా వేలల్లో ఉంటాయి. వాటిలో ప్రతి ఒక్కటీ మొదటి గాయం ఎలా మానిందో సర్జన్ కళ్లారా చూసే అవకాశం. మొదటిసారి పొర కుట్టారా లేదా, రెండోసారి ఎక్కడ ఏది అతుక్కుని ఉంది, బిడ్డను తీసేసరికి ఎంతసేపు పట్టింది అనే మూడు వివరాలను డిశ్చార్జి కాగితం మీద రాసి, తల్లి చేతిలోనూ ఆసుపత్రి రిజిస్టర్‌లోనూ ఉంచితే చాలు. లైల్ పరిశీలనకూ కరోనిస్ ఫలితానికీ మధ్య మిగిలిన ఖాళీని పూరించడానికి అంతకుమించి పరికరాలు అక్కర్లేదు.